ఏడో దిమ్మ

మా ఇంటి ముందరి అరుగు సిమెంటు దిమ్మలతో కట్టింది. మొత్తం నలభై మూడు దిమ్మలు. ఒక్కోటి అన్ని వైపులా ఆరంగుళాలు, బరువు ఎనిమిది కిలోల పైమాటే. ప్రతి దిమ్మ మీదా అది పచ్చిగా ఉన్నప్పుడే తాపీ మొనతో గీసిన పని పేరు, తేదీ, ఓ మూలన చిన్న శిలువ ఉంటాయి. ఫలానా ఊరి బడి, ఫలానా ఊరి హాస్టలు, కల్వర్టు, పశువుల దవాఖాన. నారాయణఖేడ్ నుంచి అటు కంగ్టి దాకా, ఇటు నాగల్‌గిద్ద దాకా పదేళ్లలో లేచిన సర్కారు కట్టడాల్లో నలభై మూడింటి గుర్తులు ఆ అరుగులో ఉన్నాయి. సాయంత్రం పూట దాని మీద కూర్చుని చాయ్ తాగుతుంటే తాలూకా అంతా నా కిందే ఉన్నట్టుండేది. మనిషికి మదమెక్కడానికి గద్దెలూ గుర్రాలూ అక్కర్లేదు, ఆరంగుళాల దిమ్మ చాలు.

నా పేరు స్తెఫను. మేస్త్రిని. మా చర్చిలో పెద్దల వరసలో కూర్చుంటాను. చుట్టుపక్కల నన్ను దిమ్మల స్తెఫను అంటారు.

ఈ దిమ్మల సంగతి తెలియని వాళ్లకు చెప్పాలి. సర్కారు పనిలో స్లాబు పోసిన రోజు, దానికి కలిపిన కాంక్రీటు మాలే తీసి ఆరు ఇనుప అచ్చుల్లో నింపాలి. గట్టిపడ్డాక వాటిని నీళ్లలో నానబెట్టి, ఏడో రోజు మూడు, ఇరవై ఎనిమిదో రోజు మూడు పట్నం పంపితే అక్కడ మిషనులో పెట్టి నలగ్గొడతారు. ఎంత బరువుకు పగిలిందో కాగితం మీద రాసిస్తారు. అంకె బాగుంటే కట్టడం బాగున్నట్టు, తక్కువైతే స్లాబు పీకెయ్యాలి. రూలు మంచిదే. రాసినవాడు తెలివిగలవాడే. ఒక్కటే మరిచిపోయాడు. మిషను దిమ్మను అడుగుతుంది, స్లాబును అడగదు.

పదేళ్ల కింద కంగ్టి దగ్గర ఒక హాస్టలు పనిలో నేను రూలు ప్రకారమే స్లాబు మాలుతో దిమ్మలు చేశాను. అన్నీ ఫెయిలయ్యాయి. కాంట్రాక్టరు దేవప్ప వచ్చి నన్ను తిట్టలేదు. భుజం మీద చెయ్యేసి, "స్తెఫనూ, స్లాబ్ సంగతి నేను చూస్కుంట. నువ్వు దిమ్మలు మాత్రం మంచిగ చెయ్" అన్నాడు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి పెరట్లో వేరే దిమ్మలు చేశాను.

ఎలా చేశానో చెబితే ఇప్పటికీ నాకు లోపల సంబరమే, సిగ్గులేని సంబరం. మంజీర ఇసుక తెప్పించి మూడుసార్లు కడిగేవాడిని. కంకర జల్లెడ పట్టి పుల్లా పుడకా ఏరేవాడిని. అప్పుడే దుకాణంలో దిగిన సిమెంటు బస్తా విప్పేవాడిని. అచ్చుకు నూనె రాసి మూడు వరసలుగా నింపి, వరస వరసకూ సలాకతో ముప్పై ఐదు పోట్లు పొడిచేవాడిని, ఒక్క పోటు తక్కువ కాకుండా. మర్నాడు అచ్చు విప్పి నీళ్ల హౌజులో వేసేవాడిని. ఎండాకాలం ఊరంతా బోరు దగ్గర బిందెలతో కొట్లాడుకుంటుంటే నా దిమ్మలు ఇరవై ఎనిమిది రోజులు మంచినీళ్లలో మునిగి ఉండేవి. ఆ నీళ్లు మోసింది నా భార్య రిబ్కమ్మ. "బాలింతకు గూడ ఇన్ని నీళ్లు పొయ్యరయ్యా" అని ఎత్తిపొడిచేది, మళ్లీ బిందె ఎత్తుకునేది.

అప్పటి నుంచి నా దిమ్మ ఒక్కటి కూడా ఫెయిలు కాలేదు. వేరే కాంట్రాక్టర్లు కూడా కబురు పెట్టేవారు. ఇంజనీర్ల ఆఫీసుకు పోతే నాకు కుర్చీ వేసేవారు. తట్ట మోసి పెరిగినవాడికి ఆ కుర్చీ అంటే ఏమిటో కుర్చీల్లోనే పుట్టినవాళ్లకు తెలియదు. ఆరు దిమ్మలూ పట్నంలో పిండి అయిపోతాయని నాకు బాధగా ఉండేది. అందుకని సొంతంగా ఇంకో అచ్చు కొనుక్కున్నాను. ప్రతి పనికీ ఆరు వాళ్లకు, ఏడోది నాకు. ఆ ఏడో దిమ్మలే మా అరుగు.

మూడేళ్ల కింద మా ఊళ్లోనే అంగన్‌వాడీకి పక్కా బిల్డింగు వచ్చింది. అంతవరకూ అది రేకుల కింద నడిచేది. అందులో ఆయా బిస్మిల్లాబీ, మాకు రెండిళ్ల అవతల ఉంటుంది. మొగుడు పోయి చాలా కాలమైంది, పిల్లల్లేరు. నన్ను అన్నా అంటుంది, రిబ్కమ్మను వదినా అంటుంది. క్రిస్మస్‌కు మా ఇంట్లో కోడిని మసీదు దగ్గరికి పంపి కోయించేవాళ్లం, ఆమె కూడా మాతో కూర్చుని తింటుందని.

పని దేవప్పది, మేస్త్రిని నేను. స్లాబు ఏప్రిల్‌లో పోశాం. వాగులోంచి తెచ్చిన ఇసుకలో సగం మన్నే. అరచేతిలో రుద్దితే గరగర అనాల్సింది మెత్తగా అంటుకుంది. సిమెంటు బస్తాకు ఎన్ని డబ్బాల ఇసుక పోయాలో అంతకు రెట్టింపు పోయించారు. తట్టలు మోసినవాళ్లలో దశరథ్ ఒకడు, మా చర్చి పిల్లగాడే. వాళ్ల బిడ్డ రోజ అప్పుడు ఇంకా ఉయ్యాల్లో ఉంది.

"మన్ను ఎక్కువున్నది సేట్" అన్నాను దేవప్పతో.

"నీ దిమ్మలున్నయ్ గదా స్తెఫనూ, నాకేం ఫికర్?" అన్నాడు.

నేను నవ్వాను. పొగిడాడు కదా మరి. బోరు ఎండిపోయిందని స్లాబుకు వారం కూడా నీళ్లు పట్టలేదు. పెరట్లో దిమ్మలకు మాత్రం ఒక్క రోజు లోటు రానివ్వలేదు. దిమ్మ బలం ఇరవై రావాల్సిన చోట ఇరవై తొమ్మిది వచ్చిందని ఆఫీసులో చెప్పి చాయ్ ఇప్పించారు.

రెండు వానాకాలాలు పోయేసరికి ఆ స్లాబు అడుగున తుప్పు చారలు తేలాయి. పిల్లల అన్నంలో పెచ్చు రాలిందని బిస్మిల్లాబీ ఓసారి నన్ను తీసుకెళ్లి చూపించింది. నేను మాలు కలిపి పూసి, సున్నం కొట్టి వచ్చాను. పుండు మీద పౌడరు అద్దినట్టు.

మా వైపు అంతా కంది పంట. జనవరిలో నూర్పిళ్లు అయ్యాక కందులు ఎండబోయడానికి చదునైన జాగా కావాలి. పొలం కళ్లంలో పోస్తే మన్ను కలుస్తుంది, రోడ్డు మీద పోస్తే బండ్లు తొక్కుతాయి. అందుకే ఊళ్లో ఎవరి స్లాబు ఖాళీగా ఉంటే వాళ్లను అడుగుతారు. మొన్నటి జనవరిలో అందరి కన్నూ అంగన్‌వాడీ మీద పడింది. నిచ్చెన బిస్మిల్లాబీ దగ్గర ఉంటుంది. ఒక సాయంత్రం ఆమె మా అరుగు దగ్గరికొచ్చింది. నా పక్కన మరో నలుగురు కూర్చుని ఉన్నారు.

"అన్నా, ఊరోళ్లు అంగన్‌వాడి మీద కందులు పోస్తరంట. పిల్లల పప్పుకు తలా ఒక శేరు ఇస్తమంటుండ్రు. సర్కారు పప్పు రాక నెలైంది. మరి మీద బరువైతే ఏమన్నైతదా?"

అప్పుడు నేను ఒక్క మాట అంటే సరిపోయేది. వద్దు చెల్లె, పిల్లలుండే జాగా, అంటే అయిపోయేది. కానీ పక్కనున్న నలుగురూ ఎందుకని అడుగుతారు. నువ్వు కట్టిందే కదా అంటారు. దిమ్మల స్తెఫను తన పనికి తనే భయపడుతున్నాడంటారు.

"ఏనుగెక్కినా ఏం గాదు. నా చేతి పని" అన్నాను.

ఆమె ముఖం విప్పారింది. "నువ్వు చెప్పినవ్, ఇంకేం గావాలె" అని వెళ్లి నిచ్చెన వేసింది.

వారం రోజులు ఎండబోశారు. పదిహేను క్వింటాళ్లకు మించి ఉండవు. సరైన స్లాబయితే దానికి రెట్టింపు మోసి కూడా ఊ అనదు. ఎనిమిదో రోజు పొద్దున చినుకులు పడితే మగవాళ్లు ఎక్కి కందులన్నీ నడుమ కుప్పజేసి తాటిపత్రి పట్టా కప్పి దిగారు. పదకొండున్నరకు స్లాబు కూలింది.

చప్పుడు విని నేను పరుగెత్తేసరికి దుమ్ములో ఏమీ కనబడలేదు. ఆ రోజు టీచరు సెలవులో ఉంది, బిస్మిల్లాబీ ఒక్కతే. లోపల తొమ్మిది మంది పిల్లలు. ఆమె పెచ్చు రాలడం చూసి ఒక్కొక్కరినీ ఎత్తి కిటికీలోంచి, తలుపులోంచి బయటికి తోసేసింది. ఎనిమిది మందిని తోసింది. తొమ్మిదోదాని కోసం తిరిగినప్పుడు స్లాబు వచ్చి పడింది. ఆమె ఎడమ చెయ్యి విరిగింది. తొమ్మిదోది రోజ.

నేను, దశరథ్ పెళ్లలు తీశాం. అవి నా చేతుల్లో ఎండిన జొన్నరొట్టె విరిగినట్టు విరిగాయి. సలాక పట్టుకుని లాగితే ఉత్తగా ఊడొచ్చింది, సిమెంటు దాన్ని పట్టుకునే లేదు. నేను పోసిన మన్ను, నేను పోయించిన మన్ను, ఆ పిల్ల నోట్లో, ముక్కులో ఉంది. ఎర్రటి కందులు అంతటా. దశరథ్ కందులు పక్కకు తోస్తూనే ఉన్నాడు. నాకు ఆ మన్నులో అక్కడే కూరుకుపోవాలనిపించింది.

సమాధి నన్నే కట్టమన్నాడు దశరథ్. "మంచిగ కట్టు పెదనాయినా, వానకు కుంగొద్దు" అన్నాడు. పెరట్లో మిగిలి ఉన్న మంజీర ఇసుక కడిగి, పాళ్లు కొలిచి, పద్దెనిమిది రోజులు నీళ్లు పట్టాను. మా ఊళ్లో సర్కారు పనుల్లో, సొంత పనుల్లో నేను లెక్క తప్పకుండా పోసిన స్లాబు అదొక్కటే, మూడడుగులది. పాస్టరు ప్రార్థన చేస్తుంటే నేను తల ఎత్తలేదు.

మూడో రోజే దేవప్ప ట్రాక్టరు వచ్చి శిథిలమంతా ఎత్తుకుపోయింది. ఎవరికైనా గుచ్చుకుంటుందని చెప్పారు. ఆ పెళ్లలతో పొలాల తొవ్వలో గుంతలు పూడ్చారు. వారానికల్లా ఆఫీసు మాట ఊరికి చేరింది. ఫైల్లో దిమ్మల రిపోర్టు బ్రహ్మాండంగా ఉందట, ఇరవైకి ఇరవై తొమ్మిది. కాబట్టి స్లాబులో తప్పు లేదు, తప్పు బరువుది. బరువెక్కించింది ఎవరు? ఆయా. ఎందుకు? శేరు కందులకు ఆశపడి. బిస్మిల్లాబీ మీద కేసు పెట్టారు.

కందులు ఊరివి, పేరు ఆమెది. ఎక్కి కుప్పజేసిన మగవాళ్లలో ఒక్కడూ నేనని ముందుకు రాలేదు. పప్పు తిన్న పిల్లల తల్లులు కూడా ఆమె ఇంటి ముందు నుంచి పోవడం మానేశారు.

ఒక పొద్దున ఆమె కట్టుకట్టిన చెయ్యి కొంగులో పెట్టుకుని మా వాకిట్లోకి వచ్చింది.

"అన్నా, ఎంక్వైరీ సార్లు వస్తరంట. నువ్వొక్కని మాట ఇంటరు. ఏనుగెక్కినా ఏం గాదని నువ్వంటేనే నేను నిచ్చెన ఏసిన. గా మాట చెప్పు. పిల్లలను సంపనీకి ఏసిన్నా నేను?"

"చెప్త చెల్లె" అన్నాను.

ఆమె వెళ్లాక రిబ్కమ్మ నా ఎదురుగా వచ్చి కూర్చుంది. ఇరవై ఎనిమిదేళ్లలో ఆమె నన్ను అలా చూడడం అదే మొదలు.

"ఏం చెప్తవ్?"

"చూస్త."

"చూసుడేంది? పోరి సచ్చిపాయె. ఇగ గామెను జైల్ల ఏస్తరు. నీ దిమ్మలు తాగిన నీళ్లు నేను మోసిన. నాకు గూడ తగుల్తది పాపం. నువ్వు చెప్తవా, నేను పోయి చెప్పాల్నా?"

"నేనే చెప్త" అన్నాను. ఆ రోజు అరుగులోంచి అంగన్‌వాడీ దిమ్మ పెకిలించి తీశాను. అది పై వరసలో చివరిది. తీసిన చోట పన్ను ఊడినట్టు సందు పడింది.

విచారణ మా ఊరి బడిలో పెట్టారు. ముగ్గురు ఆఫీసర్లు. మధ్యలో కూర్చున్నాయన పెద్ద ఇంజనీరు, పట్నం నుంచి వచ్చాడు, నెమ్మదస్తుడు. నేను గోనెసంచిలో దిమ్మ, రుమాలులో కూలిన రోజు దాచి ఉంచిన స్లాబు పెళ్ల ముక్క పట్టుకుని లోపలికి పోయాను. బిస్మిల్లాబీని బయట గేటు దగ్గరే ఆపారు.

చెప్పాను. నిలబడి, చేతులు కట్టుకుని, ఒక్కటి దాచకుండా చెప్పాను. స్లాబులో మన్ను పోశామని, నీళ్లు పట్టలేదని, పట్నం పంపిన దిమ్మలు నా పెరట్లో చేసినవని, వాటికీ స్లాబుకూ పేరు తప్ప ఏ సంబంధమూ లేదని.

పెద్దాయన ఫైలు తిరగేశాడు. "దిమ్మలు సైటులోనే, ఇంజనీరు సమక్షంలో నింపినట్టు సంతకాలున్నాయి. నీ పేరు ఎక్కడుంది ఇందులో?"

లేదు. పదేళ్లుగా చేసిన పనికి ఒక్క కాగితం మీదా నా పేరు లేదు. అది నాకు అప్పుడే తట్టింది.

"సార్, ఇది ఒక్కటే గాదు. నలభై మూడున్నయ్. అన్నిటికీ నేనే చేసిన."

"నలభై మూడా? ఏవేవి?"

"బడులు, హాస్టళ్లు, దవాఖానలు. గీ బడి గూడ సార్."

ముగ్గురూ ఒక్కసారి పైకి చూశారు. మా నెత్తి మీద స్లాబు తెల్లగా సున్నం వేసి ఉంది, ఓ మూలన సన్నటి చార. తర్వాత పెద్దాయన గొంతు సవరించుకుని, లోపల ఉక్కగా ఉంది, కుర్చీలు బయట వేయించమన్నాడు. అది ఫిబ్రవరి మొదటి వారం, పొద్దున పది గంటలు, నేను దుప్పటి కప్పుకుని ఉన్నాను. కుర్చీలూ బల్లా వేపచెట్టు కింద వేశారు.

నా మాట నమ్మారు. వాళ్లు నమ్మినంతగా ఎవరూ నమ్మి ఉండరు. కానీ ముగ్గురిలో వాంగ్మూలం రాసుకునే అతని పెన్ను మాత్రం కదల్లేదు. పక్క క్లాసులో పిల్లలు ఎక్కాలు చదువుతూనే ఉన్నారు, వాళ్లను బయటికి పిలవమని ఎవరూ అనలేదు. నేనూ అనలేదు.

రుమాలు విప్పి పెళ్ల ముక్క చూపించాను. వేళ్లతో నలిపితే పొడై బల్ల మీద రాలింది. "ఇది ఎక్కడిదో ఎట్లా తెలుస్తుంది?" అని పెద్దాయన ఫైలు మీద పడ్డ దుమ్ము ఊదేశాడు. సంచిలోంచి దిమ్మ తీసి పెట్టాను. దాన్ని ఆయన రెండు చేతులా తిప్పి చూశాడు. పని పేరుంది, తేదీ ఉంది. వేలి కణుపుతో తట్టి చూశాడు, ఖంగుమంది.

"ఇది పంపుతాం. పరీక్ష చేయిస్తే నిజం అదే తేలుతుంది" అన్నాడు.

"గీ రెండు పక్కపక్కన పెట్టి చూడుండ్రి సార్. గప్పుడే తెలుస్తది."

"అన్నీ చూస్తాం. వాంగ్మూలం మీద సంతకం పెట్టు."

కాగితం ఇచ్చారు. నేను మిషన్ హాస్టల్లో పదో తరగతి దాకా చదివినవాడిని, చదవడం వచ్చు. మూడు వాక్యాలున్నాయి. అంగన్‌వాడీ స్లాబు పని నా చేతుల మీదుగా జరిగింది. నేను సమర్పించిన ఈ దిమ్మను ఆ పని కోసం అదే తేదీన నేనే తయారు చేశాను. దీన్ని పరీక్షకు పంపడానికి నాకు అభ్యంతరం లేదు. ఒక్క మాట అబద్ధం లేదు. పెరడు లేదు, మన్ను లేదు, మిగతా నలభై రెండు లేవు.

"సార్, మిగిలింది రాయలే" అన్నాను.

"పరీక్ష రానీ. అప్పుడు పూర్తిగా రాసుకుందాం. ఇప్పుడే రాస్తే నిన్ను ఇక్కడి నుంచే తీసుకుపోవాలి. ఆలోచించుకో."

నేను ఆలోచించాను. నిజం చెప్పాలంటే ఆలోచించడానికేమీ లేకపోయింది. ఆ మిగతా సగం కాగితం మీద లేదని చూడగానే నా గుండె మీద నుంచి బస్తా దింపినట్టయింది. నోటితో చెప్పేశాను కదా, నా బాధ్యత తీరింది కదా, రాయకపోతే వాళ్ల పాపం కదా అనుకున్నాను. సంతకం పెట్టాను. అందంగా, పొల్లు పోకుండా పెట్టాను.

గేటు దగ్గర బిస్మిల్లాబీ ఎదురొచ్చింది. "చెప్పినవా అన్నా?"

"చెప్పిన."

"ఏమన్నరు?"

"దిమ్మ పరీక్ష చేస్తరంట. గప్పుడు అంతా తెలుస్తది."

"అల్లా సల్లగ సూడాలె నిన్ను" అని కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఇంటికెళ్లి రిబ్కమ్మకూ అదే చెప్పాను. సంతకం సంగతి చెప్పలేదు.

ఇరవై రోజులకు రిపోర్టు వచ్చింది. ముందుగా నాకు తెలిసింది దేవప్ప ఫోన్ ద్వారానే.

"స్తెఫనూ, నువ్వు మనిషివి కాదు, దేవునివి. నువ్వు తీస్కపోయి ఇచ్చిన దిమ్మ ముప్పై నాలుగు కొట్టింది. మూడేండ్లల ఇంక గట్టిపడ్డది. సైటు మేస్త్రి స్వయంగ తెచ్చిచ్చిన దిమ్మ గూడ పాసైందని రాసిన్రు. ఇగ స్లాబ్ మీద ఎవ్వడు మాట్లాడడు. అదే జాగల కొత్త అంగన్‌వాడి శాంక్షనైంది, పని మనకే. దిమ్మలు రెడీ చెయ్."

ఫోన్ పెట్టేసి నారాయణఖేడ్‌కు ఆటో ఎక్కి ఆఫీసుకు పోయాను. నేను చెప్పింది వేరు, రాసింది వేరు అని అరిచాను. అక్కడి గుమాస్తా ఓపికగా కాగితం తీసి నా సంతకం మీద వేలు పెట్టాడు. "ఇది నీదే కదా? దీంట్ల ఏది అబద్ధం?" అన్నాడు. ఆ రోజు నాకు కుర్చీ వెయ్యలేదు. పెద్ద ఇంజనీరు పట్నం వెళ్లిపోయాడన్నారు. పోలీసు స్టేషనుకు పోతే, విచారణ ముగిసింది, చెప్పేదేమన్నా ఉంటే కోర్టులో చెప్పుకో, ఎప్పుడు పిలుస్తారో అప్పుడు రా అన్నారు. ఇంటికొచ్చి రిబ్కమ్మకు అంతా చెప్పాను. ఆ నాటి నుంచి ఆమె నాకు అన్నం పెడుతోంది కానీ నాతో మాట్లాడడం లేదు.

ఊళ్లో మాత్రం నా గౌరవం పెరిగింది. దశరథ్ వచ్చి నా చెయ్యి పట్టుకుని, "నువ్వు ధైర్యంగ దిమ్మ పట్కపోయి చూపించినవ్ పెదనాయినా, లేకపోతే నీ మీద గూడ కేసు ఏసేటోళ్లు" అన్నాడు. ఆ చేతిలోంచి నా చెయ్యి ఎలా తీసుకోవాలో నాకు తెలియలేదు.

నిన్న బుధవారం పొద్దున జీపు వచ్చింది. ఇద్దరు ఆడ కానిస్టేబుళ్లు, ఒక ఎస్సై. బిస్మిల్లాబీ ముందే తెలిసినట్టు బట్టల సంచి సర్దుకుని ఉంది. రిబ్కమ్మ ఆమె మేకలను మా దొడ్లోకి తోలుకుపోతోంది. బిస్మిల్లాబీ ఎస్సైని ఒక్క నిమిషం అడిగి మా అరుగు దగ్గరికొచ్చింది. నేను లేచాను. ఆమె అరుగులోని సందు వైపు చూసింది, నా వైపు చూసింది.

"అన్నా, ఒక్కటి అడుగుత. సాఫ్ సీదా చెప్పు. స్లాబ్ మంచిగుండెనంట గదా. నీ దిమ్మ మిషన్ల పెట్టి మల్ల చూసిన్రంట గదా. నాకు నెల సంది నిద్ర లేదు. స్లాబ్ల ఏదో తప్పుండొచ్చు, కందుల బరువుతోని కాదు అనుకున్న. ఇగ కాయితమే వచ్చింది. అంటే రోజను నేనే సంపిన్నా?"

"కాదు" అన్నాను. ఈసారి ఆగలేదు. "నువ్వు కాదు బిస్మిల్లా. నేను. గా దిమ్మ గా స్లాబ్‌ది కాదు, మా పెరట్ల చేసిన. స్లాబ్ల మన్ను పోసిన. నాకు ఎరుకే. నువ్వు అడిగిన నాడు గూడ నాకు ఎరుకే. నలుగుర్ల ఇజ్జత్ పోతదని ఏనుగెక్కినా ఏం గాదన్న. పిల్లను సంపింది నేను."

గట్టిగానే చెప్పాను. ఎస్సై విన్నాడు. జీపు డ్రైవరు విన్నాడు. ఎస్సై చేతి గడియారం చూసుకున్నాడు.

కన్నీళ్లు జారుతుండగానే బిస్మిల్లాబీ ముఖం మెత్తబడింది. బాగున్న చెయ్యి ఎత్తి నా తల మీద పెట్టింది, అంగన్‌వాడీలో ఏడ్చే పిల్లల తల మీద పెట్టినట్టు.

"నా కోసం గింత పెద్ద అబద్ధం ఆడకన్నా. నాకు ధైర్యం చెప్పనీకి నువ్వు నెత్తికెత్తుకుంటున్నవ్, గంతే. నీ దిమ్మ ఎప్పుడన్న ఫెయిలైందా?"

నేను నోరు తెరిచాను. ఆమె వినడానికి ఆగలేదు. పిల్లల పప్పు డబ్బా తన ఇంట్లో ఉందని, పురుగు పట్టకముందే కొత్త ఆయాకు ఇమ్మని వదినకు చెప్పమంది. జీపు ఎక్కడానికి కానిస్టేబులు ఆమెకు చెయ్యి అందించింది.